చచ్చిన పురుగు నేర్చుకున్నదెప్పుడు?

హనుమకొండ

బిడ్డా,

నీ పత్తి వ్యాసం రెండుసార్లు చదివిన. ఒక్క వాక్యం దగ్గర రెండుసార్లూ ఆగిపోయిన: 'గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చుకుంది.' బీటీ అంటే పురుగును చంపే విషాన్ని తనలోనే తయారు చేసుకునే పత్తి.

ఈ మాట ఒకప్పుడు నేనూ రాసిన. అచ్చయినంక ఎనుమాముల మార్కెట్‌ల పత్తి బస్తాల మీద కూసున్న ఒక రైతు అడిగిండు: "సారూ, బీటీ కాయ తిన్న పురుగు సచ్చె గదా. సచ్చినది నేర్చుకున్నదెప్పుడు?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఏ పురుగూ నేర్చుకోలేదు. లక్షల పురుగుల్లో ఏ కొన్నింటి జన్యువుల్లోనో చిన్న తేడా ఉంటది. విషం లేనన్నాళ్లు ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. 2002లో బీటీ పత్తి వచ్చినంక మిగతావి చచ్చినయి, అవి మిగిలినయి, గుడ్లు పెట్టినయి. మారింది పురుగు కాదు, చేన్ల ఉన్న పురుగుల గుంపు. నీ క్రియాపదం ఆ గుంపుకు పెట్టు.

బఠానీ మొక్కలను కలిపి, గుణాలు తరం నుంచి తరానికి ఎట్ల అందుతయో తేల్చిన మెండెల్‌ను బడి పాఠంల వదిలేయకు, చేను గట్టు మీదికి తీసుకురా. గుండ్రటి బఠానీలను ముడతల బఠానీలతో కలిపితే తొలి తరంల అన్నీ గుండ్రటివే. ముడత పోయిందనుకుంటే మలి తరంల 5474 గుండ్రటి గింజల పక్కన 1850 ముడతవి. దాగి ఉన్న గుణమది. బీటీని తట్టుకునే గుణం కూడా ఈ పురుగుల ఎక్కువగా అట్లాంటిదే: తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు దిక్కుల వస్తేనే పని చేస్తది. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చిండ్రు. దాన్ని చేను చుట్టూ వేస్తే అక్కడ మామూలు పురుగులు బతుకుతయి, బీటీల మిగిలినవాటితో కలుస్తయి. పుట్టే పిల్లలకు ఆ జన్యువు ఒక్క దిక్కు నుంచే అందుతది, బీటీ కాయ కొరికితే చస్తయి. చాలా ఇండ్లల్ల ఆ పొట్లం మూలకు పడ్డది, ఎందుకిచ్చిండ్రో తెలుగుల విడమరిచి చెప్పినోళ్లు తక్కువ. నీ వ్యాసం ప్రాణం అక్కడుంది. నువ్వేమో ఒక్క లైనుల దాటేసినవ్.

'జాతి' అని ఒంటిగా రాయకు, మనుషులకూ అదే మాట వాడుతరు. 'జీవజాతి' అను.

'కొత్త జీవజాతి ఎప్పుడూ మెల్లగానే పుడుతుంది' అన్నవు. ఎప్పుడూ అట్ల కాదు. పత్తినే చూడు. దేశీ పత్తి కణంల 26 క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు; మనం ఇప్పుడు వేసే అమెరికన్ పత్తికి 52. రెంటినీ కలిపితే 39 వస్తయి, జతలు కుదరవు. మొక్క లేస్తది, గింజ పట్టదు. మరి ఆ 52 ఎక్కడివి? పది లక్షల ఏండ్లకు పైగా కిందట, దేశీ పత్తికి చుట్టమైన ఒక మొక్కా అమెరికా ఖండపు మరో పత్తీ కలిసినయి. ఆ సంకరంల క్రోమోజోములు రెట్టింపైనయి, జత దొరికింది, గింజ పట్టింది. అట్ల నిలిచింది కొత్త జీవజాతి.

మా పెరట్ల దేశీ పత్తి పూసింది. ఆదివారం రా. వచ్చేటప్పుడు మీ చేన్ల కాయ ఒకటి తెంపుకొని రా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తర్వాత ఆ పేరా మళ్లీ రాద్దువు.

ఆశీస్సులతో,
మీ సారు