కార్తీక దీపం మళ్లీ చూడాలనుంటే: ఏది చూడాలి, ఏది దాటేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "కార్తీక దీపం అంటే ప్రాణం. కానీ తలచుకుంటే కోపం కూడా వస్తుంది. మొదటి నుంచి మళ్లీ చూద్దామనుకుంటున్నాను. అంత ఓపిక పట్టడం దండగా? ఎక్కడ ఆపేయాలి? రెండో కార్తీక దీపం చూడొచ్చా?"

ముందు లెక్క చూసుకోండి. ఈ సీరియల్ 2017 అక్టోబర్ 16న స్టార్ మాలో మొదలై 2023 జనవరి 23న ముగిసింది. మొత్తం 1569 ఎపిసోడ్లు. టీవీలో అరగంట పట్టినా ప్రకటనలు తీసేస్తే ఒక్కోటి 20 నుంచి 22 నిమిషాలు ఉంటుంది. 21 చొప్పున వేసుకుంటే దాదాపు 549 గంటలు. రోజూ రాత్రి రెండు గంటలు కేటాయించినా తొమ్మిది నెలలు పడుతుంది. అందుకే వరసపెట్టి చూడొద్దు. అందులో మూడో వంతు చూస్తే మీకు నచ్చిందంతా దొరుకుతుంది, కోపం తెప్పించినదాంట్లో చాలా భాగం తప్పిపోతుంది.

ఇష్టం, కోపం రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. ఈ కథ మొత్తానికి ముడి ఒక్కటే. దీప భర్త, డాక్టరైన కార్తీక్ తనకు పిల్లలు పుట్టే అవకాశం లేదన్న తప్పుడు రిపోర్టును నమ్ముతాడు. ఆ రిపోర్టు వెనక ఉన్నది ప్రతినాయిక మౌనిత. దీప గర్భవతి కాగానే విహారి అనే వ్యక్తితో సంబంధం అంటగట్టి అనుమానిస్తాడు. ముడి ఒక్కటే కాబట్టి మొదట్లో కథ బిగువుగా ఉంది. దీప ఏ మాట అన్నా, అత్త సౌందర్య ఏ చూపు చూసినా అన్నీ దాని చుట్టూనే తిరిగాయి. ఆ ముడి విప్పితే సీరియల్ అయిపోతుంది, అందుకే ఏళ్ల తరబడి విప్పలేదు. వంటలక్కగా పేరుపడ్డ దీప మీద ప్రేమ పెరిగినకొద్దీ ఆమెను అలా నిలబెట్టిన వాళ్ల మీద కోపమూ పెరగడం మామూలే. మీ అభిరుచిలో లోపమేమీ లేదు.

అందరూ అడిగే డీఎన్ఏ టెస్టు సంగతి. "ఒక్క టెస్టు చేయించుకోవచ్చు కదా డాక్టర్ బాబూ" అని జోకులేసుకున్నది నిజమే కానీ, అసలు చిల్లు అంతకంటే ముందే ఉంది. బయట ఏ వైద్యుడూ ఒక్క వీర్య పరీక్ష రిపోర్టుతో "ఇక పిల్లలు పుట్టరు" అని తేల్చడు. తేడా కనిపిస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తారు. రెండు నుంచి ఏడు రోజుల విరామం పాటించి ఇచ్చిన నమూనానే లెక్కలోకి తీసుకుంటారు. ఫలితం నమ్మశక్యంగా లేకపోతే ఇంకో ల్యాబ్‌కు పంపుతారు. స్వయంగా డాక్టరైన మనిషి రెండోసారి చేయించుకోకపోవడమే కథలో సర్దలేని చోటు. డీఎన్ఏ టెస్టుకు పాప కావాలి, నమూనా కావాలి, అహం అడ్డొచ్చింది అని ఏదో ఒకటి సర్దిచెప్పుకోవచ్చు. దీనికి అదీ కుదరదు. రచయితలు ఆ ప్రశ్నను మనకు తోచనివ్వకుండా దీప ముఖం మీద కెమెరా నిలిపారు. మొదటి ఏడాది ఆ ఎత్తు పారింది కూడా.

సాగదీత ఎలా పుడుతుందో తెలిస్తే ఏది దాటేయాలో కూడా తెలుస్తుంది. ఇది సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరు ఎపిసోడ్ల సీరియల్. టీవీ రేటింగులిచ్చే బార్క్ సంస్థ వారం శనివారం నుంచి శుక్రవారం దాకా లెక్క, అంకెలు తర్వాతి గురువారం వస్తాయి. ఎపిసోడ్లు కొన్ని ముందే తీసి నిల్వ ఉంచుకుంటారు కాబట్టి, అంకెలు చూసి కథ మార్చాలనుకున్నా ఆ మార్పు తెర మీదకు వచ్చేసరికి రెండు మూడు వారాలవుతుంది. ఈలోపు ఏదో ఒకటి నడవాలి. అప్పుడు పనికొచ్చే సరుకు అన్ని సీరియళ్లలోనూ ఒకటే. ఒకే మాటకు గదిలో ఉన్న అందరి ముఖాలు ఒక్కొక్కరివీ చూపించడం, అది కూడా మూడేసి సార్లు దగ్గరికి లాగి. "ఆ రోజు..." అంటూ పాత సీన్లు మళ్లీ వేయడం. నిజం చెప్పబోతుండగా ఫోన్ మోగడం. తలుపు చాటున సగం మాటే వినడం. నిజం బయటపడిపోయిందని మనం ఊపిరి పీల్చుకునేలోపు అదంతా మౌనిత కల అని తేలడం. నటీనటుల డేట్లు దొరకకపోతే ఆ పాత్ర "ఊరెళ్లింది" అయిపోతుంది. రెండు వారాలు ఎవరైనా కనిపించకపోతే కథలో కారణం వెతక్కండి.

దీన్నుంచి తేలిగ్గా ఒక పద్ధతి చేసుకోవచ్చు. ఒక వారం ఎపిసోడ్లు తీసుకోండి. సోమవారంది మొదటి ఐదు నిమిషాలు, శనివారంది చివరి ఐదు నిమిషాలు చూడండి. ఆదివారం ఖాళీ కాబట్టి శనివారం చివర గట్టి ముడి వేస్తారు, సోమవారం దాన్ని విప్పుతారు, ఒక్కోసారి చప్పగా చల్లారుస్తారు. మధ్యలో మూడు రకాల విషయాలు ఏమైనా జరిగాయా అని మాత్రం చూసుకోండి: ఒక పాత్రకు ముందు తెలియనిది తెలిసిందా, ఎవరైనా ఒక నిర్ణయం తీసుకున్నారా, వెనక్కి తీసుకోలేనిది ఏదైనా జరిగిందా. ఆరు ఎపిసోడ్లలో ఇవన్నీ కలిపి రెండు కూడా లేకపోతే ఆ వారం మొత్తం దాటేయండి, కథ తెగదు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో వచ్చే "నిన్నటి భాగం" ఎలాగూ అందిస్తుంది. మామూలుగా విసుగు పుట్టించే ఆ ముక్క ఇలా చూసేటప్పుడు భలే ఉపయోగపడుతుంది.

ఒకటి గుర్తుంచుకోండి. వేగం పెంచి చూడటం ఈ సీరియల్‌కు అంతగా పనికిరాదు. ఒకటిన్నర రెట్లలో పెడితే దీప మౌనం పోతుంది, సౌందర్య విరుపు పోతుంది, మిగిలేది నేపథ్య సంగీతం గోల. దాటేయడమే నయం.

ఇక దారి. మొదటి భాగం, అంటే దీప పెళ్లి, నల్లపిల్ల అని అత్త సౌందర్య ఈసడింపు, కార్తీక్ అండ, ఆపైన అనుమానం, దీప ఇల్లు వదిలి వెళ్లడం దాకా, ఒక్క ఎపిసోడ్ కూడా వదలకుండా చూడండి. ఇందులో సాగదీత తక్కువ. తర్వాత పిల్లలు పెద్దవాళ్లయ్యే భాగం. కవలల్లో హిమ నాన్న దగ్గర, శౌర్య అమ్మ దగ్గర పెరుగుతారు. వంటలు చేసి బతుకుతున్న దీప "వంటలక్క" అయిందీ, కార్తీక్ తన కూతురని తెలియక శౌర్యను "రౌడీ" అని ముద్దుగా పిలిచిందీ ఇక్కడే. జనం మనసులో సీరియల్ పాతుకుపోయింది ఈ భాగంతోనే. పిల్లలిద్దరూ కలిసున్న సీన్లు, సౌందర్య మారే సీన్లు వెతికి చూడండి. కోడలి రంగును అసహ్యించుకున్న అత్తే చివరికి ఆమెకు అండగా నిలబడటం ఈ కథలో నిజంగా ఎదిగిన పాత్ర చిత్రణ. అర్చనా అనంత్ నటన కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కార్తీక్ పాత్ర అంతగా ఎదగలేదని నా లెక్క. ఏళ్ల తరబడి భార్యను అవమానించిన మనిషికి పడాల్సిన శిక్ష పడలేదు, నిజం తెలియగానే ప్రేమ పొంగింది. అయినా పరిటాల నిరుపమ్ వల్ల ఆ పాత్రను ద్వేషించలేం. చాలామందికి ఇబ్బంది అక్కడే.

మూడో భాగంలో మౌనిత ఎత్తులు, పోలీసు కేసులు, కృత్రిమ గర్భధారణ వ్యవహారం ఉంటాయి. ఇక్కడ పైన చెప్పిన వారం పద్ధతి వాడండి. శోభా శెట్టి మౌనితగా చాలా బాగా చేసింది. కానీ ఎత్తు, దొరికిపోవడం, తప్పించుకోవడం అన్న చక్రం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మధ్యలో 2020 మార్చి నుంచి జూన్ దాకా కరోనా వల్ల చిత్రీకరణలు ఆగిపోయాయి కాబట్టి ఆ కాలం ఎపిసోడ్ల తేదీల్లో ఖాళీ కనిపిస్తుంది. ఎపిసోడ్ మిస్సయిందని కంగారు పడకండి. కార్తీక్‌కు దీప నిర్దోషి అని తెలిసే ఘట్టం మాత్రం పూర్తిగా చూడండి. అంత ఎదురుచూపుకు తగినంతగా లేదనే అనిపిస్తుంది, అయినా చూడాల్సిందే.

ఆపేయాల్సింది 2022లో. కారు ప్రమాదంలో దీప, కార్తీక్ చనిపోయారని చూపించి, పెద్దవాళ్లయిన హిమ, శౌర్యల మీదకు కథ మళ్లించారు. ఆ కారు నడిపింది హిమ కాబట్టి అమ్మానాన్నలను పొట్టన పెట్టుకున్నావని శౌర్య ఆమె మీద కక్ష పెంచుకుంటుంది. శౌర్య జ్వాల పేరుతో ఆటో నడుపుతుంది, హిమ డాక్టరవుతుంది, ఇద్దరి మధ్యకు నిరుపమ్ అనే కుర్రాడు వస్తాడు (ఇది పాత్ర పేరు, కార్తీక్‌గా చేసిన నటుడు కాదు). విడిగా చూస్తే చెడ్డ కథేమీ కాదు. ఆటో నడిపే జ్వాలలో ఒకప్పటి వంటలక్క మొండితనం కనిపిస్తుంది కూడా. కానీ ప్రేక్షకులు అలవాటు పడింది ఆ జంటకు. కొన్ని నెలలకే ఇద్దరినీ వెనక్కి తెచ్చారు. తెచ్చిన తీరు మాత్రం ఎబ్బెట్టుగా ఉంది: కార్తీక్ గతం మర్చిపోయి ఉంటాడు, పక్కన భార్యనంటూ మౌనిత. విప్పిన పాత ముడినే మళ్లీ వేసినట్టయింది. దీన్ని దాటేస్తే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. ప్రమాదానికి ముందు, కుటుంబం అంతా కలిసి ఉన్న చోట ఆపేస్తే మీ మనసులోని సీరియల్ చెక్కుచెదరదు.

రంగు విషయంలో అభిమానుల్లో ఉన్న నొప్పి కూడా న్యాయమైనదే. నల్లగా ఉన్న అమ్మాయి కథ అని చెప్పి, అంత నల్లగా లేని ప్రేమి విశ్వనాథ్‌కు రంగు పూసి దీపను చేశారు. కొన్ని సీన్లలో ముఖం రంగుకూ చేతుల రంగుకూ పొంతన కుదరదు. అది కనిపెట్టాక చూడకుండా ఉండలేం. నల్లటి అమ్మాయి కథ చెప్పాక ఆ రంగున్న నటికే అవకాశం ఇచ్చి ఉండాల్సింది. మరోవైపు, రోజూ రాత్రి ఏడున్నరకు నల్లపిల్లను ఇంటింటా కథానాయికగా కూర్చోబెట్టిన తెలుగు సీరియల్ ఇది. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

పోల్చుకోవాలనుంటే మూలం మలయాళంలో 2014లో మొదలైన కరుత్తముత్తు. అందులోనూ నాయిక ప్రేమి విశ్వనాథే, కాకపోతే అక్కడ మధ్యలో ఆమె స్థానంలో వేరే నటి వచ్చింది. తమిళంలో భారతి కణ్ణమ్మ, కన్నడంలో ముద్దులక్ష్మి, మరాఠీలో రంగ్ మాఝా వేగళా ఇదే కథ. భారతి కణ్ణమ్మలో నాయిక ఇల్లు వదిలి ఎపిసోడ్ల తరబడి నడుస్తూనే ఉండటం మీద వచ్చిన మీమ్స్ మీరూ చూసే ఉంటారు. అక్కడా నాయిక నటి మారింది. మన దగ్గర జంట మారకపోవడమే జనం అంటిపెట్టుకోవడానికి పెద్ద కారణమని నా నమ్మకం. 2023 జనవరి 24న అదే ఏడున్నర సమయానికి బ్రహ్మముడి వచ్చింది. అది బెంగాలీ గాఁట్‌ఛడా కథ, దీనికి కొనసాగింపు కాదు.

రెండోది, అంటే "కార్తీక దీపం: ఇది నవ వసంతం", 2024 మార్చి 25న మొదలైంది. పేర్లు అవే, జంట అదే, కథ మాత్రం పూర్తిగా వేరు. మౌనిత లేదు, రిపోర్టు ముడి లేదు, ప్రతినాయిక స్థానంలో జ్యోత్స్న ఉంది. మొదటిది చూడకపోయినా అర్థమవుతుంది. ఇష్టం ఆ ఇద్దరు నటుల మీదైతే నిరభ్యంతరంగా చూడండి. పాత దీపకు న్యాయం జరుగుతుందేమోనన్న ఆశతో మాత్రం మొదలుపెట్టొద్దు, ఈ దీప వేరే మనిషి. ముందు ఒక నెల, అంటే సుమారు 24 ఎపిసోడ్లు చూసి పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేసుకోండి. నాలుగు వారాల్లో రెండు ఖాళీ వారాలు తగిలితే పొద్దున్న తెలుగు వార్తా సైట్లలో వచ్చే ఎపిసోడ్ కథనం రెండు నిమిషాల్లో చదివేసి, మంచి సీను ఉందని తెలిసిన రోజే పెట్టుకోండి. సీరియల్ తెలుగులో వెతికేటప్పుడు చివర 2 అంకె చేర్చడం మరవొద్దు, లేకపోతే పాతదీ కొత్తదీ కలగలిసి వస్తాయి.