పై పొలంలో లేఅవుట్ పడుతోంది, మా పల్లాన్ని కాపాడుకోగలమా?

మీ ప్రశ్న చదివాను. శ్రీకాకుళం దగ్గర మీకు రెండెకరాల పల్లం, అంటే కాలువ నీళ్లతో వరి పండే పొలం, ఉంది. పై పొలం వాళ్లు అమ్మేశారు, గ్రావెల్ లారీలు మొదలయ్యాయి. ‘మీరూ ఇచ్చేయండి, తర్వాత ఈ రేటు రాదు’ అంటూ బ్రోకరు వారానికోసారి ఇంటికి వస్తున్నాడు. నాన్నగారు అమ్మనంటున్నారు, మిగతావాళ్లు ఇచ్చేద్దామంటున్నారు. భూమిని నిలబెట్టుకునే దారి ఏదైనా ఉందా అని అడిగారు.

ఉంది. ముందు మీ పొలానికి నీళ్లు ఏ దారిన వస్తున్నాయో చూసుకోండి. మాకు ఆ సంగతి ఒక పంట పోయాక గానీ తెలియలేదు.

మాది విజయనగరం జిల్లా, నెల్లిమర్ల వైపు. చంపావతి నది నీళ్లు పారే ఊరు. మాకు ఎకరన్నర పల్లం. ఖరీఫ్‌లో వరి, కోతకు ముందు చేలో మినుములు చల్లితే నేలలో మిగిలిన పదనుకే ఆ పంట కూడా చేతికొచ్చేది. 2015లో భోగాపురం ఎయిర్‌పోర్టుకు భూములు తీసుకుంటారని తెలిసినప్పటి నుంచి మా వైపు బ్రోకర్లు తిరగడం మొదలైంది. ఎయిర్‌పోర్టు కోసం మా ఊళ్లో ఒక్క సెంటు కూడా పోలేదు. అయినా దాని పేరు చెప్పి రెండేళ్ల తర్వాత మా పైనున్న ఆరెకరాలను లేఅవుట్ చేశారు. ఆ ఆరెకరాల సొంతదారులు ముగ్గురూ విశాఖలో ఉంటారు. పన్నెండేళ్లుగా దాన్ని కౌలుకు చేస్తున్న మనిషికి అమ్మకం సంగతి రాళ్లు పాతిన రోజున తెలిసింది.

పని ఎప్పుడు మొదలుపెడతారో గమనించండి. ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు కాలువలో నీళ్లుండవు, పొలం వైపు వెళ్లే పని ఎవరికీ ఉండదు. మూడడుగుల ఎత్తున ఎర్ర గ్రావెల్ తోలి, రోడ్లు వేసి, రంగు రాళ్లు పాతేశారు. ఆ ఆరెకరాల మధ్య నుంచి మాకు వచ్చే బోదె (పొలాలకు నీళ్లు తెచ్చే పిల్ల కాలువ) గ్రావెల్ కింద పూడిపోయింది. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. జూలైలో నీళ్లు వదిలారు. పై మదుము (కాలువ నుంచి నీళ్లు వదిలే చోటు) దగ్గర కాలువ నిండుగా పారుతోంది, కింద మా ఆకుమళ్లు (నారుమళ్లు) నెర్రెలిచ్చాయి. దమ్ముకు ట్రాక్టరు చెప్పుకున్నాం, ఉభాలకు (నాట్లకు) మనుషుల్ని మాట్లాడుకున్నాం, నీళ్లే లేవు. మా చిన్నాన్న డీజిల్ ఇంజను పెట్టి గెడ్డలోంచి (వాగులోంచి) తోడి అరెకరం ఊడ్చాడు, అంటే నాట్లు వేశాడు. ఆ బోదె కింద దాదాపు నలభై ఎకరాలుంటే ఆ ఏడాది సగం కూడా ఊడ్చలేకపోయాం.

ఆ చలికాలంలోనే బ్రోకరు మళ్లీ వచ్చాడు. ‘నీళ్లు రాని పొలం ఉంచుకుని ఏం చేస్తారు?’ అని అడిగాడు. ఆ మాట విన్నప్పుడు మా నాన్న ముఖం ఎలా ఉందో నాకింకా గుర్తుంది. నీళ్లు ఆపింది వాళ్ల గ్రావెలే కదా. కింద ఇద్దరు అమ్మేశారు కూడా. వాళ్లను నేను తప్పు పట్టను. ఒకరికి కూతురి పెళ్లి, ఇంకొకరికి ఆసుపత్రి అప్పు.

లెక్క కూడా దాచకుండా చెబుతాను. 2024-25లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఎకరాకు 80 కిలోల బస్తాలు 28 వచ్చాయనుకోండి, 22 క్వింటాళ్ల పైచిలుకు, అంటే దాదాపు 51,500 రూపాయలు. అందులో దమ్ము, ఉభాలు, ఎరువు, కోత, మోత అన్నీ పోవాలి. అదే ఎకరాకు 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి సగం పోయినా 2,400 గజాలు అమ్ముకోవచ్చు. ధరలో వరి దీనితో పోటీ పడలేదు. అందుకే ‘వ్యవసాయంలోనే ఎక్కువ మిగులుతుంది, అమ్మకండి’ అని మీ ఇంట్లోవాళ్లతో వాదించకండి, నిలబడదు. నాన్నగారు చేసినన్నాళ్లు చేస్తారు, ఆ తర్వాత అమ్మాలో వద్దో మన ఇష్టప్రకారం తేల్చుకుందాం, నీళ్లు కట్టేసి మన చేత ఎవరూ అమ్మించకూడదు అని చెప్పండి. మా ఇంట్లో ఈ మాటకే అందరూ ఒప్పుకున్నారు.

మీ జిల్లాలోనే సోంపేట బీల (చిత్తడి నేల) ఉంది. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని 2010 జూలై 14న జనం అడ్డం నిలబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ప్లాంటు మాత్రం రాలేదు. ఎదుట ఉన్నది బయటి కంపెనీ కాబట్టి ఊళ్లన్నీ ఒక్కటయ్యాయి. లేఅవుట్ దగ్గర అమ్మినవాడు మన పక్క గట్టు మనిషే. రేపు పెళ్లిలో ఒకే బంతిలో కూర్చోవాలి. అందుకే ఊరు నోరు విప్పదు.

చట్టం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. నీటి వసతి ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలని 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్‌లో ఉంది. అది ప్రభుత్వం సేకరించే భూములకు. జిరాయితీ (సొంత పట్టా) రైతు తన ఇష్టంతో అమ్ముకుంటే అది వర్తించదు. పంట భూమిని వేరే అవసరాలకు మార్చుకోవడానికి పెట్టిన 2006 నాలా చట్టం ఉన్నప్పుడు కన్వర్షన్ ఫీజు కట్టాల్సి వచ్చేది. 2025లో దాన్నీ రద్దు చేశారు. కాబట్టి పక్కవాళ్ల అమ్మకాన్ని మీరు ఆపలేరు. కాలువను పూడ్చకుండా ఆపవచ్చు.

ఇక్కడ ఒక తేడా బాగా తెలుసుకోవాలి. సర్కారు కాలువకు సర్వే నంబరు ఉంటుంది, గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) కనిపిస్తుంది. అది పోరంబోకు, అంటే సర్కారు భూమి, ఎవరూ కొనలేరు, అమ్మలేరు. జిరాయితీ పొలాల మధ్య నుంచి పోయే బోదెకు చాలా చోట్ల అలాంటి గుర్తింపు ఉండదు. మేం సమాచార హక్కు కింద పటం తీయించాం. ఆ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పటం వచ్చాక చూస్తే, సర్కారు కాలువ వెడల్పులో సగం లేఅవుట్ రోడ్డులో కలిసిపోయి ఉంది. పదిహేడు మంది సంతకాలతో సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లాం. మూడో సోమవారం తర్వాత నీటిపారుదల ఇంజనీరు వచ్చి కొలిచారు, ఆ సగం తవ్వించారు.

బోదె మాత్రం అలా దక్కలేదు. లాయరు చెప్పినదేమిటంటే, 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా హక్కుగా నీళ్లు పారించుకుంటే ఆ దారి మీద హక్కు వస్తుంది. దానికి రుజువుగా పాత నీటి తీరువా (నీటి పన్ను) రసీదులు, అడంగల్ (ఊళ్లో ఎవరి పొలంలో ఏ పంట ఉందో చూపే రికార్డు), పెద్దవాళ్ల సాక్ష్యం అడిగారు. మా దగ్గర అన్నీ ఉన్నాయి. అయినా కోర్టు చుట్టూ తిరగలేక పెద్దమనుషుల్లో తేల్చుకున్నాం. లేఅవుట్ వేసినాయన రోడ్డు కింద రెండడుగుల తూములు వేయించాడు. అక్కడ మేం తప్పు చేశాం. తూము ఏటా చెత్తతో పూడిపోతుంది. మీరైతే తెరిచి ఉన్న కాలువే అడగండి, తూముకు ఒప్పుకోకండి.

మా తప్పును సరిదిద్దింది వాన. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను వచ్చినప్పుడు ఆ తూముల్లోంచి నీళ్లు పోలేక లేఅవుట్‌లో కట్టిన ఇళ్లలోకి మోకాలి లోతు చేరాయి. అవి చిన్న ఉద్యోగులు అప్పు చేసి కట్టుకున్న ఇళ్లు. ఆ తర్వాత వాళ్లే మా దగ్గరికి వచ్చారు. వాళ్లూ మేమూ కలిసి ఇచ్చిన అర్జీకి పని జరిగింది, తూములు తీసేసి కాంక్రీటు కాలువ కట్టారు. ప్లాట్లు కొన్నవాళ్లను శత్రువులుగా చూడకండి, నీళ్లు పోయే దారి వాళ్లకూ కావాలి. ఇప్పుడు ఆ నలభైలో పాతికెకరాల దాకా వరి పడుతోంది. మినుములు మాత్రం మునుపటిలా రావడం లేదు.

మీ పైన వేస్తున్న లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో కూడా అడగండి. 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. అనుమతి పొందిన ప్లాను కాపీ తీసుకుని అందులో కాలువ గీశారా లేదా చూడండి. గీయకపోతే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. అనుమతి లేని లేఅవుట్లకు 2020లో, మళ్లీ 2025లో ఎల్‌ఆర్‌ఎస్ (ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం) ఇచ్చారు. ఆలస్యం చేస్తే మీ కాలువ కూడా ఆ క్రమబద్ధీకరణలో కలిసిపోతుంది.

బ్రోకరు కొద్దిగా అడ్వాన్సు ఇచ్చి, ప్లాట్లు అమ్ముడయ్యాక మిగతాది ఇస్తానని అగ్రిమెంటు రాయమంటే సంతకం పెట్టకండి. మా కింద ఒకాయన అలా పెట్టి మూడేళ్లు పొలం బీడు పెట్టుకున్నాడు, డబ్బూ రాలేదు.

ఈ వారంలో ఒక పొద్దున్న నాన్నగారితో కలిసి మదుము దగ్గర మొదలుపెట్టి మీ గట్టు దాకా నడవండి. దారంతా ఫోనులో వీడియో తీయండి, మీ కింద ఆ నీళ్లు ఎంతమందికి అందుతాయో పేర్లు రాసుకోండి. గ్రావెల్ కాలువ ఒడ్డుకు ఎంత దూరంలో ఉందో చూసి ఇక్కడ రాయండి. మేం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ కాపీ నా దగ్గర ఉంది, పేర్లు తీసేసి కింద పెడతాను, మీ సర్వే నంబర్లతో రాసుకోవచ్చు.