పాప డబ్బు భద్రంగానే ఉంది, మీ జీతానికే రక్షణ లేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 72 వేలు వస్తుంది. ఇంట్లో నేనొక్కడినే సంపాదిస్తున్నాను. మా పాపకు మూడేళ్లు. బారసాల నుంచి మొన్నటి పుట్టినరోజు దాకా తాతయ్యలు, అమ్మమ్మ, మేనమామ, నా స్నేహితులు ఇచ్చినదంతా కలిపితే 4.6 లక్షలైంది. అది నా సేవింగ్స్ ఖాతాలోనే ఉంది. మా సొంత పొదుపు 40 వేలు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 48 వేలు, బైక్ ఈఎంఐ 6 వేలు. 5 లక్షల ఎండోమెంట్ పాలసీకి (పొదుపు కూడా కలిసిన జీవిత బీమా) నాలుగేళ్లుగా ఏడాదికి 24 వేలు కడుతున్నాను. ఆఫీసు ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. నిరుడు మా నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు పాప డబ్బు ముట్టుకోకూడదని క్రెడిట్ కార్డు వాడాం. దానిమీద ఇంకా 70 వేలు బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. పాప డబ్బంతా మూడేళ్లలో ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే సుకన్య సమృద్ధి పథకంలో వేసేద్దామని మా ఆవిడ అంటోంది. నెలకు 16 వేలు మిగులుతుంది కాబట్టి 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని పాప చదువు కోసం షేర్లలో పెట్టమని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. ఎలాగూ పాప డబ్బు వెనక ఉంది కదా అని నాకూ ధైర్యంగా ఉంది. బీపీకి మాత్రలు వాడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు లోన్ సంగతి. వద్దు. 5 లక్షలు 14 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 11,600 ఈఎంఐ పడుతుంది. అయిదేళ్లలో వడ్డీయే దాదాపు 2 లక్షలు. ఆ షేర్లు ఏటా 14 శాతం పెరిగినా మీకు మిగిలేది ఏమీ ఉండదు. తగ్గినా, మీ ఉద్యోగం పోయినా ఈఎంఐ మాత్రం ఆగదు. అప్పు చేసి షేర్లు కొనమని చెప్పే స్నేహితుడు ఆ ఈఎంఐలో ఒక్కటి కూడా కట్టడు. పాప పేరు చెప్పుకున్నంత మాత్రాన అప్పు మంచిదైపోదు. పైగా 'పాప డబ్బు వెనక ఉంది కదా' అన్నారు చూడండి, ఆ మాట చదివాకే మీకు వివరంగా జవాబు రాయాలనిపించింది.

ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. పిల్లలకు వచ్చిన డబ్బును ముట్టుకోకూడదనుకోవడం మంచి మనసున్న తల్లిదండ్రులు చేసే పనే. కానీ ఏం జరిగిందో లెక్క చూడండి. పాప 4.6 లక్షలకు సేవింగ్స్ ఖాతాలో రెండున్నర శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 11,500, అంటే నెలకు వెయ్యి రూపాయలు కూడా రాదు. అదే సమయంలో 70 వేల కార్డు బాకీకి నెలకు మూడున్నర శాతం చొప్పున 2,450 వడ్డీ, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,900 దగ్గర పడుతోంది. పాప డబ్బును కాపాడుతున్నామనుకుంటూ మీ ఇంటి నుంచే ప్రతి నెలా డబ్బు బయటికి పంపిస్తున్నారు.

నెలకు 16 వేలు మిగులుతుందన్నారు. మిగులుతుంటే సొంత పొదుపు 40 వేల దగ్గరే ఎందుకు ఆగింది? కాగితం మీద మిగలడం వేరు, జీతం పడిన రోజే పక్కన పెట్టడం వేరు. 40 వేలంటే మీ ఇంటికి నెల రోజుల ఖర్చు కూడా కాదు. ఒక్కడి జీతం మీద నడిచే ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు, మీ లెక్కలో 2.88 లక్షలు, అత్యవసర నిధిగా చేతికి అందేలా ఉండాలి. అది లేకపోవడం వల్లే నాన్నగారి ఆపరేషన్‌కు కార్డు గీకాల్సి వచ్చింది. ఆ నిధి కూడబెట్టుకునే దాకా మీ జీతంతో మరే పెట్టుబడి గురించీ మాట్లాడవద్దు.

ఇంకా పెద్ద లోటు మరొకటి ఉంది. పాప చదువుకు, పెళ్లికి, తిండికి, బట్టకు రాబోయే ఇరవై ఏళ్లు డబ్బు వచ్చేది మీ జీతం నుంచే. ఏడాదికి 8.64 లక్షలు. ఆ జీతానికి ఉన్న రక్షణ 5 లక్షల ఎండోమెంట్. ఏడు నెలల జీతం! కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒక తల్లి వచ్చారు. ఆవిడ భర్త 36 ఏళ్లకే పోయారు. పిల్లాడి పేరు మీద పుట్టినప్పటి నుంచి దాచిన డబ్బు దాదాపు మీ పాపకున్నంతే ఉండేది. అద్దె, స్కూలు ఫీజు, ఊరికి రాకపోకలు, చిన్న చిన్న బాకీలు... ఏడాది తిరగకుండానే అయిపోయింది. ఆయన ఎంతో శ్రద్ధగా దాచారు, టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) మాత్రం వచ్చే ఏడాది తీసుకుందామని వాయిదా వేశారు. ఆవిడకు చెప్పడానికి ఆ రోజు నా దగ్గర ఏ సలహా లేకపోయింది.

అందుకే మీరు ముందుగా చేయాల్సింది కనీసం 1.25 కోట్ల టర్మ్ పాలసీ, మీకు 60 ఏళ్లు వచ్చే దాకా. చెల్లించిన ప్రీమియం తిరిగి ఇచ్చే రకాలు వద్దు, మామూలుది చాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్య, కూతురు లబ్ధిదారులుగా రాయించండి. అలా రాయిస్తే రేపు మీకు ఏ అప్పులున్నా అప్పులవాళ్లు ఆ డబ్బు జోలికి రాలేరు, అది వాళ్లిద్దరిదే. ఇది పాలసీ తీసుకునేటప్పుడే చేయాలి, తర్వాత కుదరదు. కొత్త పాలసీ కాగితాలు చేతికి వచ్చాక ఎండోమెంట్‌ను పెయిడప్ చేసేయండి, అంటే ఇక ప్రీమియం కట్టకుండా ఇప్పటిదాకా కట్టినదానికి తగ్గ మొత్తంతో పాలసీని అలాగే ఉంచేయడం. నెలకు 2 వేలు మిగులుతాయి, టర్మ్ ప్రీమియంకు చాలావరకు అవే సరిపోతాయి.

ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగం ఉన్నన్నాళ్లే. మీ ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకటే ఆరోగ్య బీమా) ఒకటి సొంతంగా తీసుకోండి. దీని ప్రీమియం కోసం అత్యవసర నిధి రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇక పాప డబ్బు. అది పాపదే, ఇంటి ఖర్చుకు వాడకూడదు. ఈ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. కానీ ఆ డబ్బులోంచి 70 వేలు మీరు అప్పుగా తీసుకుని కార్డు బాకీ ఈ వారమే పూర్తిగా కట్టేయండి. ఒక నోటుబుక్కులో రాసుకుని, నెలకు 8 వేల చొప్పున తొమ్మిది నెలల్లో తిరిగి వేయండి. అసలు పోగా పైన పడే 2 వేలు పాపకు వడ్డీ అనుకోండి. కార్డువాళ్లకు కట్టే వడ్డీ కంటే అది ఎంతో తక్కువ, అదీ ఇంట్లోనే ఉంటుంది. నోటుబుక్కులో మీ ఆవిడ కూడా సంతకం పెట్టాలి. రాసుకోకుండా తీసుకున్నది తిరిగి వెళ్లదు, ఎన్నో ఇళ్లలో చూశాను. ఆ బాకీ తీరేదాకా కార్డు బీరువాలోనే ఉండాలి.

మిగిలిన 3.9 లక్షలను మీ ఖాతాలోంచి తీసేయండి. పాప పేరున ఖాతా తెరిచి, అందులోకి మార్చండి. మీ జీతంతో కలిసి ఉన్నంతకాలం అది ఎవరిదో మీకే గుర్తుండదు. అందులోంచి లక్ష ఈ ఏడాదే సుకన్యలో వేయండి. ప్రస్తుత 8.2 శాతం మారకుండా ఉంటే ఆ లక్ష 21 ఏళ్లలో దాదాపు 5.2 లక్షలవుతుంది. కానీ వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, కాబట్టి ఆ అంకెను గ్యారంటీగా తీసుకోవద్దు. మొత్తం డబ్బు అందులోనే ఎందుకు వద్దంటున్నానంటే, పాపకు 18 ఏళ్లు వచ్చాక గానీ, పదో తరగతి అయ్యాక గానీ చదువు కోసం సగం వరకే తీయగలరు. అంటే మరో పన్నెండేళ్లు ఆ డబ్బు కంటికి కనిపిస్తుందే తప్ప చేతికి రాదు. అత్యవసర నిధి లేని ఇల్లు అంత డబ్బును అలా బంధించుకుంటే, తర్వాతి ఆపరేషన్‌కు మళ్లీ కార్డే గతి.

మిగతా 2.9 లక్షలను పాప పేరునే మూడు ఎఫ్‌డీలుగా వేయండి. ఒకటే పెద్దది వేస్తే కొంచెం అవసరానికి మొత్తం విరగ్గొట్టాల్సి వస్తుంది. మీ సొంత నిధి తయారయ్యే దాకా ఇది వెనక ఉంటుంది. ప్రాణం మీదకు వస్తే వాడండి, నోటుబుక్కులో రాయండి. తొమ్మిది నెలల పాటు 8 వేలు పాపకు, 8 వేలు మీ నిధికి, ఆ తర్వాత 16 వేలూ నిధికే వెళితే సుమారు ఇరవై నెలల్లో 2.88 లక్షలు పూర్తవుతాయి. అప్పుడు ఆ ఎఫ్‌డీలను విడతలుగా సుకన్యలోకీ, కొంత ఇండెక్స్ ఫండ్‌లోకీ (షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) మార్చవచ్చు. పాప పేరున ఫండ్ కొంటే అమ్మిన డబ్బు పాప ఖాతాలోకే వస్తుందని, 18 నిండగానే కేవైసీ కొత్తగా చేయించాలని గుర్తుంచుకోండి. నగలు కొనాలనిపిస్తే మీ డబ్బుతో కొనండి, పాప డబ్బుతో కాదు.

పన్ను గురించి అడగలేదు గానీ చెప్పాలి. తాతయ్యలు, అమ్మమ్మ, మేనమామ ఇచ్చిన దానికి ఎంతైనా పన్ను లేదు. మీ స్నేహితులు బంధువుల కిందకు రారు. ఒకే ఆర్థిక సంవత్సరంలో వాళ్లిచ్చినదంతా కలిపి 50 వేలు దాటితే ఆ మొత్తం పాప ఆదాయమై, మీ ఆదాయంలో కలుస్తుంది. ఎఫ్‌డీ వడ్డీ కూడా మీ ఆదాయంలోనే కలుస్తుంది. కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఎంత ఇచ్చారో అదే నోటుబుక్కులో తొలి పేజీ నుంచి రాసి ఉంచండి.

బీపీ మాత్రల సంగతి నాకు రాసినట్టే టర్మ్ పాలసీ ప్రపోజల్ ఫారంలోనూ రాయండి. ఏజెంటు అక్కర్లేదన్నా వినవద్దు, ఏ మాత్ర, ఎన్నాళ్ల నుంచి అన్నది కూడా ఉండాలి. ప్రీమియం కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. దాచిపెట్టిన జబ్బు పేరు చెప్పి క్లెయిమ్ ఆపేస్తే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీ ఆవిడ. మెడికల్ టెస్టుకు ఈ వారంలోనే ఒక రోజు ఖాయం చేసుకోండి.