ఓడినవాడు ఎక్కడికి పోతాడు?

తమ్మీ,

బల్ల చుట్టూ కూర్చొని తలా ఒక పాత్ర వేసి ఆడే కథల ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కోసం నువ్వు రాసి పంపిన అడ్వెంచర్ మొత్తం చదివాను. ఏటూరునాగారం నుంచి తాడ్వాయి దాకా ఉన్న అడవికి పేరు మార్చి, అందులో డ్రూయిడ్ల (అడవిని కాపాడే మంత్రగాళ్ల) మండలి పెట్టి, వాళ్లలో పై పదవిలో ఉన్న ముసలి ఆర్చ్‌డ్రూయిడ్‌ని ఒక పడుచు డ్రూయిడ్ సవాలు చేసే కథ అల్లావు. అడవి బాగా కుదిరింది. ఇప్పచెట్ల కింద ఎలుగుబంటి ఎదురయ్యే చోట నాకే జంకు పుట్టింది. కానీ పున్నమి రాత్రి ద్వంద్వయుద్ధం దగ్గరికి వచ్చేసరికి అంతా చప్పబడిపోయింది. నలుగురు ప్లేయర్లు చెట్టు చాటున నిలబడి, ఇద్దరు పెద్దమనుషులు కొట్లాడుకుంటుంటే చూస్తారు. పడుచువాడు గెలుస్తాడు. అయిపోయింది. ఆదివారం పూటంతా డైస్ చేతిలో పట్టుకొని ఊరికే చూడమంటే మీ దోస్తులు చూస్తారా? సగంలోనే ఫోన్లు తీస్తారు.

మీరు ఆడేది ఐదో ఎడిషన్ కదా, పాత పుస్తకాలు తిరగేసి ఉండవు. కొంచెం వెనక్కి పోదాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో డ్రూయిడ్ ప్లేయర్లు ఆడే పాత్రగా వచ్చింది 1976లో. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆ పాత్రకు ఒక వింత రూల్ ఉంది. పాత్ర బలం పెరిగే మెట్లే లెవెళ్లు, 11వ లెవెల్ దాకా ఎవరైనా ఎక్కవచ్చు. 12వ లెవెల్ డ్రూయిడ్లు మాత్రం 9 మందే ఉంటారు. 13వ లెవెల్ ఆర్చ్‌డ్రూయిడ్లు ముగ్గురు. 14వ లెవెల్‌లో గ్రేట్ డ్రూయిడ్ ఒక్కరే. అనుభవం పాయింట్లు ఎన్ని కూడబెట్టినా పైన ఖాళీ లేకపోతే లెవెల్ రాదు. కూర్చున్నవాడిని ఓడించి దింపాలి, మంత్రంతోనైనా సరే, ఒంటి బలంతోనైనా సరే. కత్తి పట్టే పాత్ర ఫైటర్‌కు లెవెల్ సొంత ఆస్తి, ఎవడూ లాక్కోలేడు. డ్రూయిడ్ కూర్చున్న చోట మాత్రం కింది నుంచి ఎవడో ఒకడు ఎప్పుడూ చూస్తూనే ఉంటాడు.

చాలామంది ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. నువ్వూ అట్లాగే ఆగావని నా అనుమానం. అసలు సరుకు ఆ తర్వాతి వాక్యంలో ఉంది. ఓడినవాడు చావనక్కర్లేదు. వాడి పాయింట్లు కింది లెవెల్‌కు కావలసిన కనీస అంకె దగ్గరికి పడిపోతాయి, అంతే. అంటే ఓడిన ఆర్చ్‌డ్రూయిడ్ నిన్న తనను సవాలు చేసినవాడు ఖాళీ చేసిన స్థానంలోకి దిగుతాడు. అదే అడవి, అదే మండలి, అవే సమావేశాలు. సర్పంచ్ ఎన్నికల్లో ఓడినవాడు ఊరు విడిచి పోతాడా? తెల్లారి అదే హోటల్లో అదే బెంచీ మీద కూర్చొని చాయ్ తాగుతాడు, గెలిచినవాడి బండి ఎదురుగానే ఆగుతుంది. నీ కథ ఆ తెల్లారి మొదలు కావాలి.

అదెట్లా అంటావేమో. పెద్ద సంభాషణలు అక్కర్లేదు. పాత రూల్స్‌లో 12వ లెవెల్‌కు వచ్చిన డ్రూయిడ్‌కు సేవ చేసే శిష్యులు కూడా ఉంటారు. యుద్ధం తెల్లారి ముసలాయన భుజానికి కట్టు కట్టుకొని నెగడు దగ్గరికి వస్తాడు. రోజూ లాగే ఒక శిష్యురాలి వైపు తిరిగి "నీళ్లు కాగబెట్టు బిడ్డా" అంటాడు. ఆ పిల్ల గిన్నె చేతిలోకి తీసుకుంటుంది కానీ కదలదు. కొత్త ఆర్చ్‌డ్రూయిడ్ మొహం వైపు చూస్తుంది. వాడు ఇంకెటో చూస్తూ ఉంటాడు, కావాలనే. ఇక్కడ ఆపి ప్లేయర్లను అడుగు: మీరు ఏం చేస్తారు? ఒకడు లేచి తనే నీళ్లు పెడతానంటాడు. ఇంకొకడు కొత్తవాడి దగ్గరికి పోయి కూర్చుంటాడు. ఒక్క డైస్ వేయకుండానే ప్లేయర్ల జట్టు రెండు ముక్కలైంది చూశావా? నువ్వు రాసుకున్న మెరుపు మంత్రాలన్నీ కలిపినా ఈ పని చేయలేవు.

యుద్ధం తీసెయ్యమని కాదు. దానికి ముందున్న బేరం రాయమంటున్నాను. 1989 నాటి రెండో ఎడిషన్ ఈ విషయంలో ఇంకా ముచ్చటగా ఉంటుంది. యుద్ధం ఎట్లా జరగాలో ఆ ఇద్దరే ముందుగా మాట్లాడుకొని తేల్చుకోవాలి. మంత్రాలు వాడొచ్చా వద్దా? చచ్చేదాకానా, స్పృహ తప్పేదాకానా, మొదటి దెబ్బ తగిలేదాకానా? ముసలాయన మొదటి దెబ్బ చాలంటాడు, ఎందుకంటే వాన కాలానికి ముందు అడవి పని చాలా ఉంది, నెలరోజులు మంచం పట్టే తీరిక ఎవరికీ లేదు. పడుచువాడు స్పృహ తప్పేదాకా అంటాడు, ఎందుకంటే మొదటి దెబ్బతో గెలిస్తే రేపు "ఏదో కలిసొచ్చింది" అంటారని వాడి భయం. ఇద్దరూ ఎదురెదురు కూర్చొని మాట్లాడుకోరు కదా, మధ్యవర్తులు కావాలి. ఆ మధ్యవర్తులే నీ ప్లేయర్లు. వాళ్లు మోసుకుపోయే ప్రతి మాటలో కొంచెం మార్చే అవకాశం ఇవ్వు. ఎవడు ఏ మాట మింగాడో నువ్వు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో, మూడు సెషన్ల తర్వాత పనికొస్తుంది.

ఈ కొట్లాట ఆటల వాళ్లకు ఊహలోంచే రాలేదు. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో గాల్ దేశం (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) మీద యుద్ధం చేసిన రోమన్ సేనాని జూలియస్ సీజర్ అక్కడి డ్రూయిడ్ల గురించి రాశాడు. అందరి పైన ఒక పెద్ద ఉంటాడు. అతను పోయాక మిగతావాళ్లలో ఘనుడెవరో స్పష్టంగా ఉంటే అతనే పెద్ద. సమానులు ఎక్కువమంది ఉంటే డ్రూయిడ్లే ఓట్లు వేస్తారు. ఒక్కోసారి ఆయుధాలు పట్టి కూడా తేల్చుకుంటారు. మూడు దారులున్నాయన్నమాట. నువ్వు మూడోదాన్ని ఒక్కటే పట్టుకున్నావు. ఓట్ల దారిలో కథ ఇంకా ఎక్కువ నడుస్తుందని నేనంటాను. తొమ్మిది మందిలో నలుగురు ఇటు, నలుగురు అటు ఉండి, తొమ్మిదో ఆమె లోయలోంచి పైకే రాకపోతే? ఆమెను ఒప్పించి తీసుకురావడానికి ఎవరినో పంపాలి. (మన దగ్గర క్యాంపు రాజకీయాలు చూసి పెరిగినవాడివి, నీకు నేను నేర్పాలా?)

సీజరే ఇంకో మాట కూడా అన్నాడు. కొందరు ఆ చదువు కోసం 20 ఏళ్లు కూర్చునేవారట, అంతా నోటితోనే, రాసి పెట్టడం వాళ్ల దృష్టిలో తగని పని. ఇది బంగారు గని. రాత లేనిచోట పాత పెద్ద ఏమన్నాడో ఎవడు చెప్తే అదే చట్టం. నీ మండలిలో ఏ లెవెలూ పెద్దగా లేని ఒక ముసలమ్మను పెట్టు. పాత తీర్పులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఆర్చ్‌డ్రూయిడ్లు ముగ్గురూ ఆమె గుడిసె ముందు చెప్పులు విడిచి నిలబడతారు. ఆమె జ్ఞాపకం ఈ మధ్య కొంచెం తప్పుతోందని ఒక్క శిష్యుడికే తెలుసు. ఇక నువ్వు పెద్దగా రాయాల్సింది ఏమీ ఉండదు.

గ్రేట్ డ్రూయిడ్‌కు పైన గ్రాండ్ డ్రూయిడ్ అని ఒక పదవి 1985లో వచ్చింది. రెండో ఎడిషన్‌లో ఆ ఒక్క పదవికి కొట్లాట లేదు, దిగిపోయే గ్రాండ్ డ్రూయిడే తన వారసుడిని ఎంచుకుంటాడు. అంటే జీవితమంతా కొట్టి ఎక్కినవాడు చివరి మెట్టు దగ్గర ఒకరి మెప్పు కోసం చేతులు కట్టుకు నిలబడాలి. దీని మీద నువ్వు వేరే అడ్వెంచర్ రాయొచ్చు, ఇందులో మాత్రం కలపకు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌తో ఈ పోటీ రూల్ పోయింది. మీ 2014 నాటి పుస్తకంలో ఉన్నవి సర్కిళ్లే, అంటే డ్రూయిడ్ల శాఖలు: నేలను నమ్ముకున్నవాళ్లు, చంద్రుణ్ణి నమ్ముకొని మృగాలుగా మారేవాళ్లు. కాబట్టి పాత మెట్ల పద్ధతిని నువ్వే కథలోకి తెచ్చుకోవాలి. తెచ్చేముందు ప్లేయర్లకు చెప్పు. తన డ్రూయిడ్ లెవెల్ పోతుందని ఆట మధ్యలో తెలిస్తే ఎవడైనా లేచి పోతాడు.

ఇప్పుడు నాకు బాగా వెలితిగా అనిపించిన సంగతి. నీ ఇద్దరూ దేని కోసం కొట్లాడుతున్నారు? "అధికారం కోసం" అని రాశావు. అది చాలదు. పాత రూల్స్ ప్రకారం డ్రూయిడ్ ఎవరి పక్షమూ కానివాడు, సమతూకం చూసేవాడు. అలాంటి ఇద్దరు కొట్టుకోవాలంటే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉండాలి. నీ అడవిలోనే ఆ తగవు సిద్ధంగా ఉంది, పోడు. ఒక ఆర్చ్‌డ్రూయిడ్ నరికి కాల్చిన చెలకను చూసి అడవికి పుండు పడిందంటాడు. ఇంకొకాయన ఆ చెలక దున్నేవాళ్లు తాతల నాటి నుంచి ఈ అడవి మనుషులే, జింకకు ఉన్న హక్కు వాళ్లకు లేదా అంటాడు. అడవిని కాపాడాలంటే ఎవరి నుంచి కాపాడాలన్నది మన దగ్గర ఇంకా తేలని మాటే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టాల కోసం తిరుగుతున్నవాళ్లను ములుగు వైపు పోతే నువ్వే చూస్తావు.

ఇంత పెద్దది ఎత్తుకోవడం బరువనిపిస్తే చిన్నది తీసుకో. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలేటప్పుడు, ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. గాలి తిరిగితే ఆ మంట అడవిలోకి పోతుంది. ఏ చెట్టు కింద, ఏ రోజు, ఎవరు నిప్పు పెట్టవచ్చో చెప్పే పని నీ 12వ లెవెల్ డ్రూయిడ్లలో ఒకరిది అనుకో. ఆ కుర్చీకి అప్పుడు బరువు వస్తుంది. పువ్వు ఏరే ఆడవాళ్లు ఆ పదవిలో ఎవరున్నారో పట్టించుకుంటారు. మిగతా ఎనిమిది మందికీ ఇట్లాగే ఏదో ఒక పని ఇవ్వు. చెరువు తూము ఒకరికి, తునికాకు కోత మొదలుపెట్టే రోజు ఒకరికి. పని లేని పదవి కోసం కొట్లాడితే ప్లేయర్లకు ఏం పట్టింది?

ఒక్క చోట మాత్రం గట్టిగా చెప్తున్నాను. నీ ముసలి ఆర్చ్‌డ్రూయిడ్ కుంకుమ భరిణె పట్టుకొని గుట్ట దిగి వస్తాడు, పక్కన వెదురు కర్రలు, గాల్లో తుపాకీ కాల్పులు. అది చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే ఘట్టం, పేరు మార్చినా జిల్లాలో పసిపిల్లవాడు కూడా గుర్తుపడతాడు. తీసెయ్. రెండేళ్లకోసారి కోట్ల మంది బెల్లం బంగారంగా మొక్కుకునే జాతర అది, ఆ కోయ పూజారులు ఎవరినీ కొట్టి ఆ పనిలోకి రాలేదు. వాళ్లను ద్వంద్వయుద్ధంలో దించడం అన్యాయం, పైగా అబద్ధం. అక్కడి నుంచి తీసుకోదలిస్తే ఏర్పాటును తీసుకో. సారలమ్మ కన్నెపల్లి నుంచి రావాలి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి. ఎవరి ఊరిది వాళ్ల బాధ్యత. నీ సొంత మండలిలో నాలుగు చెట్ల తోపులు, తోపుకొక పెద్ద ఉండి, నలుగురూ వస్తేనే పండుగ మొదలవుతుందనుకో. అప్పుడు అందరికన్నా చిన్న తోపు పెద్ద కూడా "నేను రాను" అని ఇంట్లో కూర్చుంటే చాలు, గ్రేట్ డ్రూయిడ్‌కు చెమటలు పడతాయి. లెవెల్‌కూ పలుకుబడికీ సంబంధం లేదని ప్లేయర్లకు నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్లే ఆ ఇంటి తలుపు కొట్టి తెలుసుకుంటారు.

చిన్న చిన్నవి కొన్ని. ఆర్చ్‌డ్రూయిడ్‌కు ఇనుప కవచం తొడిగావు, డ్రూయిడ్లు లోహపు కవచం వేయరు, తోలు చాలు. బదనికను బంగారు కొడవలితో కోయించావు, అది బాగుంది, రోమన్ రచయిత ప్లినీ కూడా అట్లాగే రాశాడు. కానీ ఆయన చెప్పింది నెలవంక పుట్టిన ఆరో రోజు, నువ్వు పున్నమి అన్నావు. డ్రూయిడ్ల రహస్య భాషను సంస్కృత శ్లోకాల్లో రాయకు, పురోహితుల్లాగా వినిపిస్తున్నారు. ఏం మాట్లాడారో చెప్పకుండా, విన్న ప్లేయర్ మొహానికి ఒక సైగ చూపిస్తే సరిపోతుంది.

ముగింపు రాయకు. ముసలాయన తిరిగి సవాలు చేస్తాడా, కొత్తవాడి దగ్గర పనికి ఒప్పుకుంటాడా, రాత్రికి రాత్రి శిష్యులను తీసుకొని వేరే అడవికి పోతాడా, అది ఆ పూట బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. నువ్వు ముసలాయనకు, కొత్తవాడికి, ఆ శిష్యురాలికి కావలసినవి, వాళ్లు భయపడేవి రాసి పెట్టుకుంటే చాలు.

మ్యాప్ జోలికి మాత్రం పోకు. మండలి దగ్గరికి పోవాలంటే వాగు రెండుసార్లు దాటాల్సి వచ్చేట్టు గీశావు, వానలో మధ్యవర్తులు అటు ఒకరు ఇటు ఒకరు ఇరుక్కుపోతారు. ముందు ఆ బేరం భాగం ఒక్కటే తిరగరాసి, మీ దోస్తులతో ఒకసారి ఆడించి చూసి, ఎక్కడ బోర్ కొట్టిందో రాసి పంపు.

నీ అన్న,
హన్మకొండ