నాన్న బ్రష్‌తో మీకు పనిలేదు

ప్రశ్న: నా వయసు 38. పెళ్లయింది, ఒక పాప. వంశవృక్షం రాద్దామన్న సరదాతో ఆరు నెలల కిందట నేనూ, నాకంటే ఐదేళ్లు చిన్నవాడైన తమ్ముడూ డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాం. రెండు కిట్లూ నా ఖాతాలోనే ఉన్నాయి, ఫలితం తమ్ముడికి ఇంకా చెప్పలేదు. మా ఇద్దరికీ 1,790 సెంటీమోర్గాన్లే (ఇద్దరి డీఎన్‌ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలిశాయి. తల్లో తండ్రో ఒక్కరే ఉమ్మడి అయిన తోబుట్టువులని చూపిస్తోంది. మా మేనత్త కూతురు ముందే అదే కంపెనీలో పరీక్ష చేయించుకుంది. తమ్ముడికి ఆమెతో 860 కలిసింది. నా జాబితాలో ఆమె పేరే లేదు. నా జనన నమోదు నకలు తీయించాను. పుట్టిన ఏడాదిన్నరకు రాయించారు, వివరాలు చెప్పింది మేనమామ. వంశవృక్షం కోసమని అమ్మను పెళ్లికి ముందు సంగతులు తిప్పి తిప్పి అడుగుతున్నాను, మాట దాటేస్తోంది. నాన్నగారికి తెలియకుండా ఆయన పళ్ల బ్రష్, దువ్వెనలోని వెంట్రుకలు తీసి దాచాను. ఏ ల్యాబ్‌కు పంపితే కచ్చితమైన ఫలితం వస్తుంది?

జవాబు: ఏ ల్యాబ్‌కూ పంపకండి.

దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు చాలావరకు వాటంతట అవి రాలినవి. కుదురు లేని వెంట్రుకలో మీకు కావలసిన డీఎన్‌ఏ దాదాపు దొరకదు. బ్రష్ ఇంట్లో అందరి బ్రష్‌లతో ఒకే గ్లాసులో ఉండుంటే ఇంకొకరి డీఎన్‌ఏ కూడా దానికి అంటుకుంటుంది. మీరు వాడినలాంటి కిట్‌కైతే తిని తాగి అరగంట దాటాక గొట్టంలో సుమారు రెండు మిల్లీలీటర్ల ఉమ్మి నింపాలి. అది మనిషికి తెలియకుండా తీసుకునేది కాదు. ఇవన్నీ అటుంచండి. పెంచిన తండ్రి ఒంటి నమూనాను ఆయనకు చెప్పకుండా పంపడం తప్పు. కొన్ని దేశాల్లో నేరం కూడా.

పైగా ఆ అవసరమే మీకు లేదు. ఒకే అమ్మానాన్నల పిల్లలకు సగటున 2,600 సెంటీమోర్గాన్లు కలుస్తాయి. ఒక్కరే ఉమ్మడి అయితే సగటు 1,750 దగ్గర. రెండు కొలతల అంచులూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి కాబట్టి 1,790 అన్న అంకె ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. మామూలుగా అయితే క్రోమోజోముల వారీగా పోల్చి చూడమనేదాన్ని. సొంత తోబుట్టువులకు జన్యువుల్లో దాదాపు నాలుగో వంతు చోట అమ్మ నుంచి వచ్చిందీ, నాన్న నుంచి వచ్చిందీ రెండూ కలుస్తాయి. తండ్రులు వేరైతే అలా కలిసే చోటు ఉండదనే చెప్పాలి. రక్తసంబంధంలోనే పెళ్లిళ్లు చేసుకున్న కుటుంబాల్లో మాత్రం అక్కడక్కడా కనిపించి తికమక పెడుతుంది. మీ విషయంలో అంత దూరం వెళ్లక్కర్లేదు. మేనత్త కూతురే తేల్చేసింది. తోబుట్టువుల పిల్లల మధ్య సగటు 870, బాగా తగ్గినా 400 దగ్గర ఆగుతుంది. తాతల తాత ఒక్కరే అయినవాళ్లలో పదిమందికి ఒకరికి ఏమీ కలవకపోవచ్చు. మేనత్త కూతురితో మాత్రం సున్నా రాదు. ఆమె తన వివరాలు దాచుకుందేమో అనుకోవడానికీ లేదు, తమ్ముడికి కనిపిస్తోందిగా. మీ ఇద్దరి గొట్టాలు తారుమారై ఉంటే మీరు ఆడ, తమ్ముడు మగ అన్న తేడా దగ్గరే దొరికిపోయేది.

అంటే తమ్ముడు మీ నాన్నగారి బిడ్డ. మీరు రక్తరీత్యా కాదు. అమ్మ ఇద్దరికీ ఒక్కరే. (సవతి అన్న మాట తల్లులు వేరైనప్పటిది. తండ్రులు వేరైన తోబుట్టువులకు వాడుకలో ఒక మాటే లేదు. ఇళ్లలో ఈ సంగతి ఎంత లోపల దాస్తారో దాన్నిబట్టే తెలుస్తుంది.)

ఇదంతా మీకు ఆరు నెలలుగా తెలుసు. బ్రష్ దాచింది నిజం తెలుసుకోవడానికి కాదు, అమ్మ ముందు పెట్టడానికి సాక్ష్యం కోసం. మీ ఉత్తరంలో నాకు బాధనిపించింది అక్కడే. వంశవృక్షం పేరు చెప్పి కన్నతల్లిని విచారిస్తున్నారు. ఆమె మాట దాటేస్తోందంటే మీ ప్రశ్నల వెనక ప్రశ్న ఆమెకు ఎప్పుడో అర్థమైంది. ఈ ఆరు నెలల్లో మీరు ఆమెను బాగున్నావా అని అడిగారా?

జనన రిజిస్టరును కూడా మీరు నేరపత్రంలా చదివారు. పాత రికార్డుల్లో పుట్టిన తేదీ ఒకటి, నమోదు తేదీ ఇంకొకటి. ఆలస్యంగా రాయించిన పుట్టుకలు కోకొల్లలు. తండ్రి పేరు గడిలో ఉండేది ఎవరో చెప్పగా గుమాస్తా రాసుకున్నది, అంతే. మేనమామ వివరాలు చెప్పాడంటే ఆ రోజు ఆఫీసుకు మేనమామ వెళ్లాడని అర్థం. ఇంతకుమించి ఆ కాగితం నుంచి పిండాలని చూస్తే మీ అనుమానమే మీకు తిరిగి వినిపిస్తుంది.

ఏం జరిగి ఉంటుందన్నది మీరు ఒక్కటే ఊహించారు. పిల్లలు కలగక దాత వీర్యంతో కన్నవాళ్లు 38 ఏళ్ల కిందటా ఉన్నారు. ఎవరికీ చెప్పొద్దని డాక్టర్లే అనేవాళ్లు, చాలాచోట్ల రికార్డు కూడా ఉంచలేదు. ముందొక పెళ్లి జరిగి ఉండవచ్చు. ఆమె ఇష్టంతో పనిలేకుండా ఎవరైనా బలవంతం చేసి ఉండవచ్చు. అదే నిజమైతే, మీరు ఆరు నెలలుగా ఆ గాయాన్నే కెలుకుతున్నారు. ఇక నాన్నగారికి తెలియదని మీకెవరు చెప్పారు? తెలిసే మిమ్మల్ని ఎత్తుకు పెంచి ఉంటే, ఆయన బ్రష్ దొంగిలించిన కూతురి గురించి ఆయన ఏమనుకోవాలి?

అలాగని నోరు మూసుకోమనను. మీ పుట్టుక తెలుసుకోవడం మీ హక్కు. కానీ అది ముందు అమ్మ జీవితంలో జరిగిన సంగతి, చెప్పడం మొదలుపెట్టాల్సింది ఆమె. ఫోన్లో వద్దు. ఇంట్లో శుభకార్యం, చుట్టాల సందడి ఉన్నప్పుడు వద్దు. నాన్నగారు లేని పూట, మీరిద్దరే ఉన్నప్పుడు కూర్చోండి. తెలియనట్టు ప్రశ్నలు వేయకుండా, తెలిసింది మీరే ముందు చెప్పండి. “అమ్మా, పరీక్షలో తమ్ముడికీ నాకూ తండ్రులు వేరని వచ్చింది. నీ మీద నాకు కోపం లేదు. నాన్న నాకు నాన్నే. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు, నేను వింటాను.” ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. కాగితాలు, అంకెలు తీయకండి. ఆమె ఏడిస్తే పక్కన ఉండండి. లేచి వెళ్లిపోతే వెంటపడకండి. నెలలు పట్టినా సరే, రెండోసారి ఎత్తకండి. నాన్నగారికి ఎప్పుడు, ఎలా అన్నది ఆమె నిర్ణయం.

తమ్ముడి సంగతి వేరు. ఉమ్మి వాడిది, ఫలితమూ వాడిదే. మీ ఖాతాలో ఉంచుకుని ఆరు నెలలు దాచారు. అమ్మతో మాట్లాడిన కొద్ది రోజులకే వాడికి చెప్పండి, అమ్మకు చెప్పే చెబుతున్నానని కూడా చెప్పండి. అప్పటిదాకా సెట్టింగుల్లో మీ రెండు కిట్లూ ఇతరుల జాబితాల్లో కనబడకుండా ఆపేయండి. లేకపోతే మీ కన్నతండ్రి వైపు వాళ్లెవరైనా పరీక్ష చేయించుకున్న రోజున ఈ కబురు అమ్మకు పరాయివాళ్ల నోట చేరుతుంది.

కన్నతండ్రిని వెతకడం ఆ తర్వాతి మాట. దానికి పద్ధతి ఉంది. తమ్ముడికి కలవకుండా మీకు మాత్రమే గట్టిగా కలిసినవాళ్లను విడిగా రాసుకుని, వాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఉమ్మడి పూర్వీకులు ఎవరో పట్టుకుని, అక్కడి నుంచి కిందికి రావాలి. వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుక్కే వచ్చేది) పరీక్ష చేయించుకోమని చెప్పేవాళ్లు చెబుతారు గానీ, ఆడవాళ్లకు వై ఉండదు, తమ్ముడి వై మీ నాన్నగారిది. మైటోకాండ్రియా పరీక్ష అని ఇంకొకటి ఉంది, అది చూసేది అమ్మ నుంచి వచ్చే డీఎన్‌ఏనే. రెండూ మీకు దండగే.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ఇప్పటి నుంచే మీ కన్నతండ్రి వైపు జబ్బుల వివరాలు తెలియవని చెప్పండి, పాప విషయంలోనూ అంతే. కారణం చెప్పక్కర్లేదు.

నాన్నగారు ఈపాటికి కొత్త బ్రష్ తీసుకుని ఉంటారు. మీ దగ్గరున్నది పారేయండి.