టపాసులకు భయపడే కుక్కను డాబా మీదికి తీసుకెళ్లకండి

"మా రెండేళ్ల కుక్క దీపావళి వస్తే మంచం కింద దూరి రెండు రోజులు తిండి ముట్టదు. డాబా మీద కట్టేసి టపాసుల చప్పుడు అలవాటు చేస్తే భయం పోతుందని అందరూ అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

నిజం కాదు. దయచేసి ఆ పని చేయకండి. మా ఇంట్లో చేశాం కాబట్టి చెబుతున్నాను.

మాది రాజమండ్రి. మా మిరియం ఊరకుక్కే. ఓ వానాకాలం కూరగాయల బజారు దగ్గర కాలవ గట్టున దొరికింది. నల్లగా, గుండ్రంగా ఉందని మా అత్తయ్యగారు ఆ పేరు పెట్టారు. మొదటి దీపావళికి దానికి నాలుగు నెలలు. బాత్రూంలో బకెట్ వెనక కూర్చుని రాత్రంతా వణికింది. పసిది కదా, పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది అనుకున్నాం. రెండో ఏడాదికి ఇంకా ఎక్కువైంది. అప్పుడు మా బావగారు, "ఇలా దాచిపెడుతుంటే భయం ఎలా పోతుంది? నాలుగు చప్పుళ్లు దగ్గర్నుంచి వింటే అదే మొండిదేలుతుంది" అని మెడపట్టీకి తాడు కట్టి డాబా మీదికి తీసుకెళ్లారు. ఆయనకు మిరియం అంటే ప్రాణం. దానికి మంచి చేస్తున్నాననే అనుకున్నారు.

నేను కాకరపువ్వొత్తుల పళ్లెం పట్టుకుని మెట్ల దగ్గర ఉన్నాను. పక్కింటి డాబా మీద లక్ష్మీ బాంబు పేలింది. మిరియం అరవలేదు, మొరగలేదు. నేలకు బల్లిలా అతుక్కుపోయి ఉచ్చ పోసుకుంది. కళ్లు తేలేసింది. ఇంకో బాంబు పేలేసరికి తల వెనక్కి గుంజుకుని పట్టీలోంచి జారిపోయి, నా కాళ్ల సందులోంచి మెట్లు దిగి, తీసి ఉన్న గేటులోంచి వీధిలోకి పరిగెత్తింది. బావగారి చేతిలో తాడూ, ఖాళీ పట్టీ మిగిలాయి.

రెండు రాత్రులు వెతికాం. కోటిలింగాల రేవు దాకా పిలుచుకుంటూ నడిచాం. మూడో రోజు తెల్లవారుజామున పాలు పోసే అబ్బాయి వచ్చి, రోడ్డు పని కోసం దింపిన సిమెంటు గొట్టంలో నల్ల కుక్క ఉందని చెప్పాడు. వెళ్లి చూస్తే మిరియమే. పేరు పెట్టి పిలిస్తే ఇంకా లోపలికి జరిగింది. మా ఆయన గొట్టంలోకి దూరి లాగుతానన్నారు. అత్తయ్యగారు వద్దన్నారు. పెరుగన్నం గిన్నె పక్కన పెట్టుకుని, గొట్టానికి కాస్త దూరంగా, దానివైపు చూడకుండా నేల మీద కూర్చున్నారు. గంటన్నర అలాగే కూర్చున్నారు. ఒక్కసారి కూడా పిలవలేదు. చివరికి అదే పాక్కుంటూ వచ్చి ఆవిడ ఒళ్లో తల పెట్టింది.

నాకు తెలిసిందంతా ఆ గంటన్నరలో తెలిసిందే. భయపడ్డ జంతువుకు ముందు తప్పుకునే దారి ఉండాలి. భయపెట్టేదానికి ఎంత దూరంలో ఉండాలో అది తేల్చుకోవాలి, మనం కాదు. తాడు కట్టి దగ్గరికి లాగితే దానికి అలవాటయ్యేది చప్పుడు కాదు, మనల్ని నమ్మకూడదన్న సంగతి.

ఆ రాత్రి తర్వాత దాని భయం టపాసులతో ఆగలేదు. స్టీలు పళ్లెం కింద పడినా, గేటు గడియ తీసినా, చివరికి కుక్కర్ కూత వేసినా బల్ల కింద దూరేది. ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పండగ రోజుకని మత్తు బిళ్లలు రాసిచ్చారు. ఏసిప్రొమజిన్. అది వేస్తే కాళ్లు కదలవు, కళ్లు మూతలు పడతాయి, చూసేవాళ్లకు పడుకున్నట్టే ఉంటుంది. కానీ చప్పుడు వినబడుతూనే ఉంటుంది, భయం లోపల అలాగే ఉంటుంది, పారిపోవడానికి ఒళ్లు సహకరించదు. ఈ మాట మాకు ఇంకో డాక్టరు చెప్పేదాకా తెలియదు. ఆందోళనను నిజంగా తగ్గించే మందులు వేరే ఉన్నాయి, గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి. కుక్క బరువు చూసి డాక్టరు మోతాదు చెప్పాలి, పండక్కి ముందే ఓ మామూలు రోజున వేసి చూడాలి, చప్పుళ్లు మొదలవకముందే ఇవ్వాలి. ఇంట్లో మనుషులకు ఉన్న బిళ్లలు మాత్రం వేయకండి. మీ కుక్క రెండు రోజులు తిండి మానేస్తుందంటే మందు అడగాల్సిన భయమే అది.

మాకు దారి చూపించింది కుక్కర్. రోజూ మోగుతుంది, ఎప్పుడు మోగుతుందో మనకు తెలుసు. వంటింటి తలుపు వేసేసి, మిరియంతో వెనక గదిలో కూర్చునేదాన్ని. చేతిలో ఉడికించిన కోడి కార్జం ముక్కలు. కూత వినబడగానే ఒక ముక్క. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కూత ముందు రావాలి, ముక్క తర్వాత రావాలి. తిరగేస్తే కార్జం చూడగానే "ఇప్పుడేదో మోగుతుంది" అని వణకడం మొదలుపెడుతుంది. ముక్క తినకపోతే చప్పుడు ఇంకా దగ్గరగా ఉందని అర్థం, మరో గది వెనక్కి పోవాలి. మూడు వారాలకు తలుపు ఓరగా తీశాను. రెండు నెలలకు కూత వినగానే నా ముఖం వంక చూసి తోక ఊపింది. ఆ రోజు ఏడ్చేశాను.

ఇదేమీ మేం కనిపెట్టింది కాదు. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే మానసిక శాస్త్రవేత్త కుందేలంటే జడుసుకునే పీటర్ అనే చిన్న పిల్లవాడి గురించి రాశారు. వాడు ఇష్టమైనది తింటూ ఉంటే కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టారు. వందేళ్లయినా మనవాళ్లు ఇంకా డాబా మీదికి లాక్కెళ్లమనే చెబుతున్నారు. నాకు కోపం వచ్చేది ఇందుకే.

ఇంకో మాట కూడా వింటుంటాను. భయపడేటప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందట. శుద్ధ తప్పు. భయం అలక కాదు, బుజ్జగిస్తే పెరగడానికి. అది మీ దగ్గరికి వస్తే పక్కన కూర్చోనివ్వండి, నిమరండి. రాకపోతే వదిలేయండి.

టపాసులకూ ఇదే పద్ధతి. ఫోనులో టపాసుల చప్పుడు రికార్డింగు పెట్టి, వినీవినబడనంత సన్నగా మొదలుపెట్టాలి. వినాయక చవితికి ముందే మొదలుపెడితే దీపావళికి కొంత దారికి వస్తుంది. పండగ వారంలో మొదలుపెడితే లాభం లేదు.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. దీపావళి రాత్రి 8 నుంచి 10 మధ్యే కాల్చాలని, సరాలు అసలు అమ్మకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధిలో నరక చతుర్దశికి మూడు రోజుల ముందు నుంచే తెల్లారి ఐదింటికి మొదలవుతాయి. చిచ్చుబుడ్లు, మతాబులు, వెన్నముద్దలు ఎంత అందంగా ఉంటాయి! పిల్లల పండగ వాటితోనే నిండిపోతుంది కదా.

పోయిన దీపావళికి మిరియం బియ్యం డబ్బా వెనక పడుకుంది. భయం పూర్తిగా పోలేదు. కానీ తొమ్మిదిన్నరకు తనంతట తానే లేచి వచ్చి నీళ్లు తాగింది, నాలుగు ముద్దలు పెరుగన్నం తింది, మళ్లీ వెళ్లి పడుకుంది.

మీది మంచం కిందకి దూరుతుందన్నారు కదా. ఈసారి పండక్కి వారం ముందే ఆ మంచం కింద సామాన్లన్నీ తీసేసి ఒక బొంత పరవండి. ఆ రోజు పొద్దు ఉండగానే బయట తిప్పుకొచ్చి, తిండి పెట్టేసి, కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ వేసి ఉంచండి. వీధి గేటుకు తాళం వేయండి. మెడపట్టీ మీద మీ ఫోను నంబరు రాసి ఉంచండి. గది తలుపు మాత్రం తీసే ఉంచండి. నీళ్ల గిన్నె మంచం పక్కనే, అది తల బయట పెడితే అందేంత దూరంలో పెట్టండి.