దొంగతనం నింద పడితే సంతకం పెట్టకండి

లండన్‌లో చదువుకుంటూ దుకాణంలో పనిచేస్తున్న ఒక తమ్ముడు అడిగాడు: “కౌంటర్‌లో 60 పౌండ్లు తగ్గాయి. నేనే తీశానంటున్నారు. ఆ డబ్బు కట్టేసి రాజీనామా ఇస్తే గొడవ వదిలిపోతుంది కదా అన్నా?”

వద్దు తమ్ముడూ. తీయని డబ్బు కట్టావంటే తీశానని ఒప్పుకున్నట్టే లెక్కవేస్తారు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. సరుకు గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చోబెట్టి, మేనేజర్ తెల్లకాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు. “పొరపాటైంది, తిరిగి కడతాను” అని రాయమన్నాడు. చేతి చెమటకు కాగితం అంచు మెత్తబడిపోయింది. ఊళ్ళో నాన్నకు తెలిస్తే ఎలా అన్నదొక్కటే నా భయం. అయినా రాయలేదు. ఎవరికో తిరిగి ఇచ్చిన డబ్బు యంత్రంలో నమోదు కాలేదని మూడో రోజున తేలింది.

బ్రిటన్ పోస్టాఫీసుల కథ తెలుసుకో. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ తప్పుడు లెక్కలు చూపితే, 1999 నుంచి 2015 వరకు పోస్టాఫీసు శాఖలు నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్లు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. వాళ్ళలో భారతీయ మూలాలవారూ ఉన్నారు. సీమా మిశ్రా గర్భవతిగా ఉండగా 2010లో జైలుకు వెళ్ళారు. ఆ తీర్పు రద్దు కావడానికి 2021 దాకా పట్టింది. కేసు పెద్దది కాకూడదని లేని లోటును సొంత డబ్బుతో పూడ్చినవాళ్ళు, చేయని తప్పు ఒప్పుకున్నవాళ్ళు ఎందరో. యంత్రం చెప్పిందే నిజమని కోర్టులు నమ్మాయి.

అందుకే ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇమ్మని అడుగు. సీసీటీవీ దృశ్యాలు కొద్ది వారాల్లోనే చెరిగిపోవచ్చు, కాబట్టి ఆ రోజువి భద్రపరచమని ఈరోజే ఈమెయిల్ పెట్టు. నీ గురించి వాళ్ళ దగ్గరున్న సమాచారం, నువ్వు కనిపించే దృశ్యాలతో సహా, అడిగే హక్కు నీకుంది. మామూలుగా నెలలోగా ఇవ్వాలి. క్రమశిక్షణ విచారణకు పిలిస్తే ఒక సహోద్యోగినో, యూనియన్ ప్రతినిధినో వెంట తీసుకువెళ్ళవచ్చు. 1999 నాటి ఉద్యోగ సంబంధాల చట్టం ఇచ్చిన హక్కు అది. ఉద్యోగ వివాదాల్లో సలహా ఇచ్చే ఎకాస్ (Acas) అనే సంస్థకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

పోలీసులు స్టేషన్‌కు పిలిస్తే మాత్రం న్యాయవాది లేకుండా నోరు విప్పకు. స్టేషన్‌కు వచ్చే డ్యూటీ సొలిసిటర్ అనే న్యాయవాది ఉచితం, దుబాసీ కూడా ఉచితమే. “కాషన్ (పోలీసుల అధికారిక హెచ్చరిక) తీసుకుని ఇంటికి వెళ్ళిపో” అంటే అది చిన్న హెచ్చరిక అనుకోకు. అది నేరం ఒప్పుకోవడమే. రేపు వీసా దరఖాస్తులో చెప్పాల్సి వస్తుంది.

ఈ రాత్రే కూర్చుని, ఆ రోజు కౌంటర్ దగ్గర ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉన్నావో, కౌంటర్ యంత్రం పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసో, డబ్బు ఎవరు లెక్కపెట్టారో తేదీ వేసి రాసుకో. రాశాక ఇంటికి ఫోను చేసి అమ్మానాన్నలకు నువ్వే చెప్పు. నేను మూడు రోజులు దాచాను. ఆ మూడు రాత్రులూ నిద్రపోలేదు.